మరుభూమియందు వసంతము



ఫాల్గుణము గడచి చైత్రము ప్రవేశించు దినములలో ఉపాసనామందిరమున వసంతమునుగూర్చి ప్రసంగించుట మనకు వాడుక. మామిడి చిగిర్చెననియు, వేప పూచెననియు, కోకిల కూసెననియు చెప్పుకొని, ఈ సౌందర్యమునకంతకును కర్తయైన పరమేశ్వరుని కొనియాడి మనము గృహములకు పోవుదుము. అది మంచి పనియే. కాని ప్రతి వసంతమునందును ఆ ప్రసంగమును వినలేక తల వంచుకొని కూర్చుండువారు మనలో కొందరుందురు. నిరుటి ఉగాదికి తమ ప్రక్కనున్న భర్తయో, భార్యయో, బిడ్డయో, తల్లియో ఈ ఉగాదికి లేరు. చలికాలము దుఃఖితులకు కొంత అనుకూలమైనది. లోకముకూడ వారివలెనే ముడుచుకొని యుండును. వసంతమట్టిది కాదు. అది వీథివీథిని తిరిగి, పోయినవన్నియు మరల వచ్చెనని చాటును. చెట్టు మరల చిగిర్చినది. మనుష్యుడు మరల రాలేదు. ఈ భేదమును వసంతమంత కఠినముగా తెలుపు ఋతువు వేఱొకటి లేదు. నేటి నా ప్రసంగము అట్టివారికొఱకు; వారి చుట్టును నివసించు మనకొఱకును.

దుఃఖితులతో మనము చెప్పు మాటలను పరిశీలించినచో, అవి రెండు విధములుగా ఏర్పడుచున్నవి. మొదటిది: “జరిగినది జరిగినది, మఱచిపొమ్ము, లోకము సాగుచున్నది, నీవును సాగుము” అనునది. రెండవది: “ఇక నీకు పండుగ లేదు, పూవు లేదు, రంగు లేదు, జీవితశేషమును ఈ దుఃఖమునందే గడపుము” అనునది. ఈ రెండును పరస్పరవిరుద్ధములే యైనను, రెండును ఒకే ఇంట, ఒకే నోట వెలువడుట మనమెల్లరము ఎఱిగినదే. ఏలయన, మొదటిదానిని పురుషునితోను, రెండవదానిని స్త్రీతోను చెప్పుట మన దేశాచారము. భార్య గతించిన పురుషునికి సంవత్సరము తిరుగకమున్నే సంబంధములు చూతురు. భర్త గతించిన స్త్రీకి సంవత్సరములు ఎన్ని తిరిగినను కాలము అచ్చటనే నిలిచియుండును. అతని దుఃఖమునకు హక్కు లేదు. ఆమె సుఖమునకు హక్కు లేదు.

ఈ రెండు శాసనములును తప్పని చూపుటకై మిమ్ములను కొంతసేపు గోదావరీతీరమునుండి దూరముగా, రాజస్థానమందలి థారు ఎడారికి మనస్సుచే రమ్మని వేడుచున్నాను. మనవంటి తడినేలవారికి వసంతము సులభముగా లభించు వస్తువు. కాలువ ప్రక్కను చెట్టు చిగిర్చుట వింత గాదు. వసంతము నిజముగా ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలియవలెనన్నచో నీరు లేని చోట దానిని చూడవలెను. దుఃఖితుని హృదయముకూడ నీరింకిన నేలయే గనుక, మనకు కావలసిన పాఠము అచ్చటనే దొరకును.

థారు ఎడారి వైశాల్యము దాదాపు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. అందలి అధికభాగము మన దేశపు పశ్చిమసీమలో ఉన్నది. శేషించిన భాగము పాకిస్తానమున చేరియున్నది. జైసల్మేరు ప్రాంతమున సంవత్సరమంతయు కురియు వాన సగటున 200 మిల్లీమీటర్లకు లోపు. ఆ కొద్ది వానయు ముఖ్యముగా ఆషాఢము మొదలు భాద్రపదము వఱకు ఎప్పుడో కురిసి పోవును. చలికాలమున ఒకటి రెండు జల్లులు పడిన పడవచ్చును, లేకున్న లేదు. మాఘఫాల్గుణములు వచ్చునప్పటికి ఇసుక పైపొర వేపుడుపిండివలె పొడియై యుండును. రాత్రి చలి ఇంకను విడువదు. పగటియెండ అప్పుడే కాల్చుట కారంభించును. వైశాఖమునకు వడగాడ్పులు వీచును. అనగా అచ్చటి వసంతము చలికిని వడకును నడుమ ఇరుకున పడిన కొద్దిపాటి కాలము.

అట్టి దినములలో, అట్టి నేలపై రోహిడ యను వృక్షము పూచును. పసుపు, నారింజ, ఎఱుపు వన్నెలుగల గంటలవంటి పూవులు కొమ్మకొమ్మను నిండి, దూరమునుండి చూచువారికి ఇసుకనడుమ దీపములు వెలిగించినట్లుండును. దాని ప్రక్కను కరీరమను పొద కలదు. అచ్చటివారు దానిని కైరు అందురు. దానికి చెప్పదగిన ఆకులు లేవు. లేతకొమ్మలపై చిన్నవి పుట్టినను త్వరలోనే రాలిపోవును. పచ్చని ముండ్లకొమ్మలు మాత్రము అల్లుకొని యుండును. ఆ ఆకులేని కొమ్మలమీదనే వసంతమున ఎఱ్ఱని పూవులు పూచును. మూడవది ఖేజడీ. ఈ పేరు మనకు క్రొత్తగా వినబడినను చెట్టు క్రొత్తది కాదు. విజయదశమినాడు మనవారు ఆకు కోసి పెద్దల చేతిలో పెట్టు జమ్మిచెట్టే అది. మనకు సంవత్సరమున కొకనాడు జ్ఞాపకమునకు వచ్చు చెట్టు, ఎడారివారికి మూడువందల అరువదియైదు దినములును నీడయు, మేతయు, ఆహారమును అయియున్నది. వసంతమున దానికి సన్నని లేతపసుపు పూగుత్తులు వచ్చును. పిదప కాయలు కాయును.

ఈ పూవులకు నీరెక్కడిది? నేడు కురిసిన వానవలన వచ్చినది కాదు. వాన పోయి నాలుగైదు నెలలైనది. ఎప్పుడో కురిసి, ఇసుకలో ఇంకి, కంటికి కనబడకుండ లోతున నిలిచిన తేమ వలన వచ్చినది. జమ్మిచెట్టు తల్లివేరు 20 మీటర్లకు మించిన లోతునకు దిగుట కలదు. పైకి కనబడు మొలక మిక్కిలి చిన్నదిగా నుండగనే వేరు వేగముగా లోనికి దిగుచుండును. చూచువాడు “ఈ మొక్క పెరుగుటలేదు” అని తలచు దినములలోనే అది తన ముఖ్యమైన పనిని చేసికొనుచుండును.

దీనినుండి మనము గ్రహింపవలసిన మొదటి సంగతి యిది. దుఃఖితునికి కలుగు ఊఱట, నేడు మనము పోసిన మాటల చెంబెడు నీటివలన కలుగునది కాదు. మాటలు ఇసుకపైని నీటివలె సాయంకాలమునకు ఆవిరియగును. కర్మాంతరము నాటికే ఓదార్పుమాటలన్నియు ముగియును. పదునాల్గవనాడు ఇంటికి ఎవ్వరును రారు. అప్పుడు మొదలగును లోపలి పని. వేరు తేమను వెదకికొనుచు చీకటిలో దిగును. ఎప్పుడో తల్లి చూపిన ప్రేమ, గతించినవారితో గడపిన మంచిదినములు, చిన్ననాటినుండి చేసిన ప్రార్థనలు, చేసినప్పుడు వట్టివిగా తోచినవి సయితము, ఆ లోతున తేమయై నిలిచియుండును. దానిని చేరుటకు ఎంత కాలము పట్టునో ఎవ్వరును చెప్పజాలరు. ఆఱునెలలకే లేచి నవ్వినవానిని చూపి, రెండు సంవత్సరములకును నవ్వనివానిని నిందించుట, వేరును చూడక ఆకులను లెక్కించుట వంటిది.

రెండవ సంగతి కరీరమునుగూర్చినది. మన ప్రాచీనకవులకు ఈ పొద బాగుగా తెలియును. కరీరమునకు ఆకు లేకుండుట వసంతుని దోషము కాదని వారు దృష్టాంతముగా చెప్పుచువచ్చిరి. అందుచే మనము వసంతుని నిర్దోషినిగా విడిచిపెట్టితిమి. కాని ఆ తీర్పులో దాగియున్న రెండవ భాగమును పరీక్షింపలేదు. వసంతునిది తప్పు కానిచో, తప్పు కరీరమునదని మనస్సులో నిశ్చయించుకొంటిమి. “దైవము ఆనందమును పంచుచుండగా నీవు అందుకొనకున్నావు, నీ విశ్వాసమే కొఱవడినది” అని దుఃఖితునితో చెప్పుట ఇట్టిదే. మన సమాజమునందును ఈ మాట వినబడుచుండును. బ్రహ్మోపాసకుడు ఏడ్వరాదనియు, ఏడ్చినచో అతని జ్ఞానము పచ్చిదనియు అనువారున్నారు.

వృక్షశాస్త్రమును చదివినవారు కరీరము పక్షమున సాక్ష్యము చెప్పగలరు. ఆకు అనునది నీటిని ఆవిరిగా విడుచు ద్వారము. నీరు లేని చోట పెద్ద ఆకులు వేసిన చెట్టు ఎండి చచ్చును. కరీరము ఆకులను వదలుకొని, ఆకుల పనిని పచ్చని కొమ్మలచేతనే చేయించుకొని బ్రదుకుచున్నది. ఆకు లేకుండుట దానికి రోగము గాదు; అది బ్రదుకు విధానము. దుఃఖితుడు సభలకు రాకుండుట, నవ్వకుండుట, పాటకు గొంతు కలుపకుండుట ఇట్టివే. ఉన్న కొద్ది శక్తిని ఆవిరికానీయక కాపాడుకొనుచున్నాడు. అట్టివానిని “ఆకులు వేయుము” అని నిర్బంధించుట చంపుటయే. ఆ ఆకులేని కొమ్మయే తన కాలమున ఎఱ్ఱగా పూచును. ఈ సంగతి ఎడారివారెల్లరు ఎఱుగుదురు. కావున అచ్చట ఎవ్వరును కరీరమును ఆకు లేదని కొట్టివేయరు. పైగా దాని కాయలను ఏరి, వాటి చేదును విఱుచుటకై దినములకొలది ఉప్పునీట ఊరవేసి, పిదప ఎండబెట్టి, ఎండిన జమ్మికాయలతో కలిపి కూర వండుకొందురు. చేదు ఒక్కనాటికి పోదు. ఉప్పునీరు చేయవలసిన పనిని వేఱొకటి చేయజాలదు. కన్నీటికిని ఉప్పే రుచియని వేఱుగా చెప్పనక్కరలేదు.

ఈ సందర్భమున ఒక మాటను నేను విడువజాలను. నేను న్యాయవాదిని, అభియోగముల మధ్య నా దినములు గడచుచున్నవి. ఎంతటి నేరస్థునికైనను అభియోగపత్రమును చూపవలెను, సాక్ష్యమును విచారింపవలెను, అతని మాటను వినవలెను, పిదపనే శిక్ష. కాని బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో “పూర్వజన్మమున ఏ పాపము చేసితివో” అను పెద్దలు, ఆమెకు ఏ అభియోగపత్రమును చూపిరి? జ్ఞాపకములేని జన్మమునందలి పేరులేని నేరమునకు, సాక్షి లేని విచారణలో, నోరెత్తనీయక శిక్ష విధించుట ఏ ధర్మాసనమునకు తగును? మన క్రిందితరగతి న్యాయస్థానమునందైనను నిలువజాలని ఈ తీర్పును సర్వేశ్వరుని ధర్మాసనమునకు అంటగట్టుట దైవదూషణము. జ్వరముచేత బిడ్డ మరణించెను. గుండె ఆగి భర్త మరణించెను. వాహనము తగిలి సోదరుడు మరణించెను. కారణములు ఇవి. తల్లియో, భార్యయో, సోదరియో నేరము చేయలేదు. ఇంత చెప్పుటకు మనకు ధైర్యము చాలకున్నచో ఓదార్చుటకు పోకుండుటయే మేలు.

ఎడారి నేర్పు మూడవ సంగతి మనుష్యచరిత్రమున కలదు. 1899–1900 సంవత్సరములలో వచ్చిన మహాక్షామమును ఆ దేశీయులు విక్రమశకము 1956 అగుటచే ఛప్పనియా కఱవు అందురు. శతాబ్దము దాటినను ఆ పేరు వారి నోటినుండి పోలేదు. ఆ కాలమున తిండి లేని ప్రజలు జమ్మిచెట్టు బెరడును ఒలిచి, పొడిచేసి, పిండివలె వాడుకొని ప్రాణములు నిలుపుకొనిరి. అంతకు పూర్వము, 1730వ సంవత్సరమున, జోధపూరునకు సమీపమునగల ఖేజడలీ గ్రామమున రాజభటులు కోటపనులకు కావలసిన సున్నపుబట్టీలకై జమ్మిచెట్లను నఱుక వచ్చిరి. అమృతాదేవి యను బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకొని నఱుకనీయక ప్రాణము విడిచెను; ఆమె కుమార్తెలు ముగ్గురును అట్లే చేసిరి; అందఱును కలిసి 363 మంది మడిసిరని బిష్ణోయీల సంప్రదాయము. పిదప మహారాజు అభయసింహుడు బిష్ణోయి గ్రామములలో చెట్లు నఱుకరాదని ఆజ్ఞాపించెనందురు. నేటికిని భాద్రపదమాసమున అచ్చట మేళము జరుగుచున్నది.

ఆ గ్రామస్థులు తమ మృతులను మఱచిపోలేదు. మఱచిపొమ్మని వారితో చెప్పినవారును లేరు. మృతులు ప్రేమించినదానిని కాపాడుటయే వారి శోకమునకు రూపమైనది. జ్ఞాపకము కార్యముగా మాఱినప్పుడు దానికి నీడయుండును; ఇతరులు వచ్చి ఆ నీడను నిలుతురు. జమ్మిచెట్టును పొలమునడుమ నఱుకక నిలుపుదురు. ఏలయన దాని క్రింద సజ్జపైరు చక్కగా పెరుగునని రైతులకు అనుభవము. దుఃఖమును లోతుగా అనుభవించినవారి చెంత ఇతర దుఃఖితులు నిలదొక్కుకొనుట మనము చూచుచుండుటలేదా?

ఇంతవఱకు ఎడారి చెట్లనుగూర్చి చెప్పితిని. చెట్లు నేర్పినదానిని మనుష్యులు నేర్చుకొనిరా అన్నచో, నిజము చెప్పవలెను. హోళి మరునాడు మొదలై చైత్రశుద్ధ తదియకు, అనగా మన ఉగాదికి మూడవనాటికి, ముగియు గణగౌరు అను ఉత్సవము రాజస్థానమున ప్రసిద్ధమైనది. గౌరిని, ఆమె భర్తయైన ఈశరును పూజించి, కన్యలు మంచి భర్తను, సువాసినులు భర్తృక్షేమమును కోరుదురు. వసంతమంతయు వారిది. వితంతువు మాత్రము దానికి దూరము. కొన్ని కులములలో భర్త పోయిన స్త్రీని నెలలకొలది చీకటిగది మూలను కూర్చుండబెట్టు ఆచారముండెను. బయట రోహిడ పూచుచుండగా ఆమె గోడను చూచుచుండవలెను.

కాని జైసల్మేరులో ఒక వింత కలదు. అచ్చటి ఈశరు ప్రతిమను పూర్వమెన్నడో బికనేరువారు కొనిపోయిరని చెప్పుదురు. అప్పటినుండి ఆ నగరమున గౌరి భర్త లేకయే ఒంటరిగా ఊరేగును. పురమంతయు ఎదురువచ్చి నమస్కరించును. మనము ప్రతిమాపూజకులము గాము. అయినను అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. భర్త చెంత లేని దేవతను వీథిలో ఊరేగించి కండ్లకద్దుకొన్న చేతులే, భర్త లేని ఆడుబిడ్డను మూలగదిలోనికి ఎట్లు త్రోయగలిగినవి? కొయ్యకు చూపిన కరుణను ప్రాణముగల ప్రతిమకు, ఈశ్వరుడు స్వయముగా చేసిన ప్రతిమకు, చూపకుండుటకు కారణమేమి?

ఆ మూలగదికి పరాకాష్ఠ చితి. సహగమనమును బెంగాలులో 1829 డిసెంబరు 4న నిషేధించిరి; రాజా రామమోహనరాయలవారి శ్రమ మీరెఱుగనిది కాదు. జయపూరు సంస్థానము 1846లో నిషేధించెను. అయినను 1987 సెప్టెంబరు 4న, ఎడారి అంచునగల సీకరు జిల్లాలోని దేవరాల గ్రామమున, రూపకన్వరు అను 18 ఏండ్ల యువతి భర్తచితిపై దగ్ధమయ్యెను. జనులు గుమిగూడి చూచిరి. పిదప ఉత్సవము చేసిరి. ప్రభుత్వము క్రొత్తశాసనము చేసి సతిని కీర్తించుటకూడ నేరమనెను. అట్టి కీర్తనమును గుఱించిన వ్యాజ్యమున మిగిలియున్న 8 మంది నిందితులును 2024లో విడుదలైరి. శాసనములతో బ్రదుకు నేను శాసనములను తక్కువచేసి మాటలాడను. శాసనము చితినుండి స్త్రీని దింపగలదు, దింపవలెను. కాని పండుగనాడు ఆమెకు పీట వేయజాలదు. ఆ పని న్యాయాధిపతిది కాదు; గృహస్థునిది.

మనయింటి సంగతి చూతము. వితంతువివాహము చెల్లునని 1856లో శాసనమైనది. మన ఆంధ్రదేశమున వీరేశలింగముపంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11న. కాగితముపై తెఱచిన తలుపును దాటుటకు ఇరువదియైదు సంవత్సరములు పట్టినది. ఆ తలుపు నేడు పూర్తిగా తెఱచియున్నదా? “మేము చదువుకొన్నవారము, మా ఇండ్లలో ఇట్టివి లేవు” అని మీలో కొందరనవచ్చును. ప్రతిమూలకును దీపము పట్టి చూతము. కుమారుని పెండ్లిలో, వానిని పెంచి చదివించిన తల్లి, భర్త లేదను కారణముచే పందిటిలో వెనుకవరుసను నిలుచుట మనమెఱుగమా? మంగళసూత్రమును కండ్లకద్దుకొనుటకు పళ్లెము త్రిప్పునపుడు ఆమెను దాటి పోవుట చూడమా? ఉగాదినాడు వేపపూవు పచ్చడిని చేసినది ఆమె చేయి. మొదటి పలుకరింపుకు మాత్రము ఆమె ముఖము పనికిరాదు. చేదును తీపియు కలిపి తినుటయే సంవత్సరారంభమని చెప్పుకొనువారము, చేదును అనుభవించినవారిని పంక్తినుండి వేఱుచేయుట ఎంతటి విపరీతము!

“మేము పిలిచెదము, ఆమెయే రాదు” అని మఱికొందరందురు. నిజమే, కొందరు రారు. కాని నిర్బంధమున వ్రాసియిచ్చిన పత్రము చెల్లదని మనమందఱమెఱుగుదుము. ఇరువది సంవత్సరములు “రావద్దు” అని కండ్లతో చెప్పి, ఇరువదియొకటవ ఏట ఒకమాఱు పెదవులతో “రమ్ము” అన్నంతమాత్రమున ఆమె నిరాకరణము స్వేచ్ఛానిరాకరణమగునా? మరల మరల పిలువవలెను, పిలిచి నొప్పింపకుండవలెను, వచ్చినచో ముందుపీట చూపవలెను, రాకున్నచో నిందింపక, పండుగభోజనమును మనమే ఆమె చెంతకు కొనిపోయి కూడ కూర్చుండి తినవలెను. ఆమె పూవు పెట్టుకొనుటయు, పెట్టుకొనకుండుటయు ఆమె ఇష్టము. పూవును ఆమెకు అందకుండ ఎత్తున పెట్టుట మన పాపము.

ఇది అసాధ్యము గాదు. 2013వ సంవత్సరమున బృందావనమందలి ఆశ్రమములలోని వితంతువులు, తెల్లచీరలవారు, హోళినాడు రంగులును పూవులును చల్లుకొనిరి. ఆకాశము విఱిగి పడలేదు. 2022 మేనెలలో కొల్హాపురము జిల్లాలోని హేర్వాడ గ్రామపంచాయతి, భర్త మరణించినప్పుడు గాజులు పగులగొట్టుట, కుంకుమ తుడుచుట మొదలగు ఆచారములను విడువవలెనని తీర్మానించినది. వారు వ్యవసాయము చేసికొను పల్లెవారు. పల్లెవారు చేయగలిగిన తీర్మానమును పట్టభద్రుల గృహములు చేయజాలవా?

ఇప్పుడు దుఃఖితులతోనే ఒక మాట చెప్ప సాహసించెదను. మీ దుఃఖమును విడువుడని నేను చెప్పను. అది ప్రేమకు నీడ. ప్రేమ యున్నంతకాలము నీడయు నుండును. కాని ఆ నీడను విగ్రహముగా చేసికొని పూజింపకుడు. మన సమాజము విగ్రహములను నిరాకరించినది కొయ్యయు రాయియు నగుటచేత మాత్రమే కాదు. అనంతమైనదానిని ఒక చిన్న రూపమునందు బంధించుటచేత. గతించినవారిని వారి మరణదినమునందే బంధించి, వారి జీవితమంతయు ఆ ఒక్కదినమే యన్నట్లు భావించుట వారికి న్యాయము కాదు. వారు నవ్విన దినములును ఉన్నవి. వేరును క్రిందికి పోనిండు. అడుగున తేమ లేదని ఎండిన పైయిసుకను చూచి నిశ్చయింపకుడు.

రవీంద్రనాథఠాకూరులవారి జీవితము దీనికి సాక్ష్యము. 1902లో భార్యయు, 1903లో కుమార్తె రేణుకయు, 1905లో తండ్రియైన మహర్షి దేవేంద్రనాథులును గతించిరి. చిన్నకుమారుడు శమీంద్రనాథుడు 1907 వసంతమున శాంతినికేతనమందు తోడిబాలురతో కూడి ఋతూత్సవమును జరిపెను. ఆ సంవత్సరమే నవంబరులో మొంగీరున విషూచివలన మరణించెను. వాని వయస్సు దాదాపు పదునొకండేండ్లు. బిడ్డను పోగొట్టుకొని రైలులో మరలివచ్చుచున్న రాత్రి ఆకాశమంతయు వెన్నెలతో నిండియుండెననియు, ప్రపంచమున ఎచ్చటను ఏ లోటును కనబడలేదనియు చాలకాలమునకు పిదప ఆ తండ్రి ఒక లేఖలో తెలిపెను. ఈ మాటను పైపైని చదువువారికి ఇది కఠినహృదయమని తోచవచ్చును. అట్లు కాదు. తన యింట లోటు కలిగెనని ఆయనకు తెలియును. ఆ లోటు విశ్వమును ఖాళీ చేయలేదనియు తెలియును. ఈ రెండు జ్ఞానములను ఒకే హృదయమున నిలుపుట మిక్కిలి కష్టమైన తపస్సు. బాలుడు ఆరంభించిన వసంతోత్సవము శాంతినికేతనమున వేళ్లూని, తండ్రి క్రొత్తక్రొత్తగా వ్రాసిన పాటలతో పెరిగినది. ఆయన వసంతమును మానలేదు, శోకమును దాచలేదు. శోకముతోకూడ వసంతమున ప్రవేశించెను.

సోదరులారా, ఎడారిలో వసంతము వచ్చుటచేత ఎడారి తోటగా మాఱదు. పూవులు రాలిన పిదప ఇసుక ఇసుకయే. రానున్న వడగాడ్పు రాక మానదు. అయినను ఆ పూత అబద్ధము గాదు. పరమేశ్వరుడు ఎడారిని తొలగించి మనకు ప్రత్యక్షమగునని నేను వాగ్దానము చేయజాలను; అట్టి వాగ్దానము చేయువారిని నమ్మవలదు. ఎడారినడుమ వేరునకు అందునంత లోతున ఆయన తేమయై యున్నాడని మాత్రము, విశ్వసించినవారి జీవితములను చూచి, చెప్పగలను. మనము ఒకరికొకరు నీరు కాజాలము. కాని పొలమున నిలిపిన జమ్మిచెట్టువలె ఒకరికొకరు నీడ కాగలము.

ఇక ప్రార్థింతము.

పరమపితా! నీవు చెట్టునకు ఆకును, ఆకులేని కొమ్మకు పూవును ఇచ్చుచున్నావు. మాలో ఎవరి ఇల్లు ఈ ఋతువున శూన్యమై యున్నదో నీ వెఱుగుదువు. వారు ఏడ్చినచో ఏడ్వనిమ్ము. వారి వేరు నిన్ను చేరువఱకు వారిని విడువకుము. మేము వారికి తీర్పరులము కాకుండ మా నాలుకలను కాపాడుము. వారిని దూరముగా నుంచిన మా ఆచారములను మాచేతనే తొలగింపుము. ఈ ఉగాదికి మా గృహములలో వెనుకవరుస లేకుండునట్లు అనుగ్రహింపుము. గతించినవారిని నీ యందును, ఉన్నవారిని మా చెంతను నిలుపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.